క్లబ్బులో అందరూ పలకరించే మనిషి ఎవరు?

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద వచ్చాయి. నేను పనిచేసే అట్లాంటా క్లినిక్‌లో నల్లజాతి గే కుర్రాళ్లు డాక్టరు చెబితే హెచ్‌ఐవీ టెస్టుకు రారని, స్నేహితుడు వెంటబెట్టుకుని తీసుకొస్తే వస్తారని రెండు సంచికల కిందట రాశాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని ప్రశ్నలు వచ్చాయి. అందుకని ఈసారి షుగరు, థైరాయిడ్ ఉత్తరాలను వచ్చే నెలకు వాయిదా వేశాను. వాళ్లు ఏమీ అనుకోవద్దు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. 2003లో కోస్తాలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా చేరాను. అప్పట్లో మా గదిని, అంటే హెచ్‌ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ జరిగే చోటును, వీసీటీసీ అనేవాళ్లు, తర్వాత ఐసీటీసీ అయింది. తొమ్మిదేళ్లు అక్కడ చేశాక మావారి ఉద్యోగం వల్ల అట్లాంటా వచ్చాం. ఇక్కడ మళ్లీ చదువుకుని, పరీక్షలు రాసి, మళ్లీ అదే పనిలో చేరాను.

ప్రశ్న: అక్కా, నేను డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటూ పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను. ఇప్పటి తీరే సాగితే అమెరికాలో నల్లజాతి గే పురుషుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్‌ఐవీ వస్తుందని అప్పట్లో వేసిన ఒక లెక్కను క్లాసులో చూపించారు. రూముకొచ్చి చెబితే మా రూమ్మేట్ "వాళ్లు విచ్చలవిడిగా తిరుగుతారు, రాక ఏమవుతుంది" అన్నాడు. ఆ మాట తప్పనిపించింది కానీ ఏం చెప్పాలో తెలియలేదు. అసలు కారణం ఏమిటి? స్నేహితులతో చెప్పిస్తే జబ్బు ఎలా తగ్గుతుంది?
— ఒక విద్యార్థి, ఇర్వింగ్

జవాబు: తమ్ముడూ, ఆ లెక్క 2016 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది. అందులోనే తెల్లజాతి గే పురుషుల్లో పదకొండు మందిలో ఒకరికి వస్తుందని ఉంది. ఇంత తేడా చూడగానే ఎవరికైనా మీ రూమ్మేట్‌కి తట్టిందే తడుతుంది. పరిశోధకులకూ అదే తట్టింది, అందుకే వెతికారు. గ్రెగోరియో మిలెట్ అనే నల్లజాతి పరిశోధకుడు, తన సహచరులతో కలిసి అంతకు ముందు వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి 2006లో, 2007లో, మళ్లీ 2012లో లెక్క తీశాడు. నల్లజాతి గే పురుషులు తెల్లవాళ్ల కంటే ఎక్కువ మందితో తిరగడం లేదని తేలింది. కండోమ్ వాడటంలోనూ వాళ్లు వెనకబడి లేరు. డ్రగ్స్ వాడకమైతే తెల్లవాళ్లలో కంటే తక్కువే. మీ రూమ్మేట్‌తో ముందు ఈ సంగతి చెప్పు.

మరి జబ్బు ఎందుకు ఎక్కువ? రెండు ఊళ్లు అనుకో. రెండిటిలోనూ మనుషులు రోజుకు అవే నాలుగు చెంబుల నీళ్లు తాగుతారు. ఒక ఊరి బావిలో కలరా ఉంది. ఆ ఊరివాళ్లు నీళ్లు ఎక్కువ తాగి జబ్బు పడ్డారని ఎవరైనా అంటారా? ఇక్కడా అంతే. అమెరికాలో నల్లజాతి గే పురుషులు ఎక్కువగా తమలో తామే జతకడతారు. వాళ్ల పరిచయాల వలయం చిన్నది. ఆ వలయంలో ముందునుంచే ఎక్కువ మందికి వైరస్ ఉంది. ఉన్నవాళ్లలో చాలామందికి ఇన్సూరెన్స్ లేక మందు అందదు, లేదా నాలుగు నెలలు అంది రెండు నెలలు ఆగిపోతుంది. మందు రోజూ వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలిచినవాళ్ల నుంచి శృంగారం ద్వారా ఎవరికీ సోకదు. మందు తెగిపోయిన చోట ఆ రక్షణ ఉండదు. కాబట్టి తెల్ల కుర్రాడు, నల్ల కుర్రాడు ఒకే తప్పు ఒక్కసారి చేసినా, నల్ల కుర్రాడికి సోకే అవకాశం ఎక్కువ. అట్లాంటాతో పాటు మరో ఐదు నగరాల్లో 1,553 మంది నల్లజాతి పురుషులతో హెచ్‌పీటీఎన్ 061 అనే అధ్యయనం జరిగింది. అందులో ఏడాదికి వందమందిలో ముగ్గురికి కొత్తగా సోకింది. ముప్పై ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు వాళ్లలో దాదాపు ఆరుగురికి. ఆ ఆరుగురూ నీ వయసు వాళ్లు.

దీనికి తోడు నమ్మకం పోయింది. అలబామాలోని టస్కెగీ మా ఇంటి నుంచి కారులో రెండు గంటల దూరం. అక్కడ 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగం సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో రాసుకుంటూ కూర్చుంది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. మా క్లినిక్‌కి వచ్చే కుర్రాళ్లలో చాలామంది అది ముగిసిన ముప్పై ఏళ్లకు పుట్టినవాళ్లు. అయినా వాళ్ల అమ్మమ్మకు తెలుసు, అమ్మమ్మ చెప్పింది, వీళ్లు మర్చిపోలేదు. తెల్లకోటు వేసుకుని "ఈ మాత్ర వేసుకో" అంటే వాళ్లు నా మొహంలోకి చూసే చూపు నాకు తెలుసు. నేను వాళ్ల స్థానంలో ఉంటే అలాగే చూస్తాను.

ఇక స్నేహితులతో చెప్పించడం గురించి. ఈ ఆలోచన మూలం వ్యవసాయంలో ఉందంటే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చినప్పుడు రైతులు దాన్ని ఎలా అందుకున్నారో 1943లో ఇద్దరు పరిశోధకులు రాశారు. విత్తనం సంగతి రైతుకు ముందు తెలిసేది కంపెనీ ఏజెంటు వల్లే. కానీ అతను విత్తేది మాత్రం పక్క పొలం వాడు విత్తి పండించాకే. ఇది మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా నాన్నగారు పొగాకు వేసే రోజుల్లో ఏటా చూశాను.

ఇదే లెక్క మీద 1980ల చివర్లో జెఫ్రీ కెల్లీ అనే సైకాలజిస్టు మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీ లాంటి చిన్న నగరాల్లో గే క్లబ్బులకు వెళ్లాడు. అక్కడి బార్‌టెండర్లను ఒకటే అడిగాడు: ఇక్కడికి వచ్చేవాళ్లలో అందరూ ఎవరిని పలకరిస్తారు? వాళ్లు కొన్నాళ్లు గమనించి పేర్లు రాసిచ్చారు. ఎక్కువ పట్టీల్లో ఉన్న పేర్ల వాళ్లను పిలిచి కొన్ని వారాలు శిక్షణ ఇచ్చారు. చొక్కాకు పెట్టుకోవడానికి ఒక బిళ్ల ఇచ్చారు. దాని మీద ట్రాఫిక్ లైటు బొమ్మ ఉంటుంది. అవే బొమ్మలు క్లబ్బు గోడల మీదా పెట్టారు. ఎవరైనా "ఏంటిది?" అని అడిగితే చాలు, మాట మొదలవుతుంది. వీళ్లు ఉపన్యాసం ఇవ్వకూడదు. "నేను ఈ మధ్య కండోమ్ లేకుండా ఒప్పుకోవడం మానేశాను" అని తన సంగతి తాను చెప్పుకోవాలి, అంతే. 1991లో ఫలితం వచ్చింది. రెండు నెలల కాలంలో కండోమ్ లేకుండా కలిసినవాళ్లు దాదాపు 37 శాతం ఉండగా 28 శాతానికి దగ్గరగా తగ్గారు.

కానీ ఆ క్లబ్బులకు వచ్చేవాళ్లు ఎక్కువగా తెల్లవాళ్లే. నల్లజాతి వాళ్ల మధ్యకు ఈ పద్ధతి రావడానికి ఇంకో దెబ్బ తగలాల్సి వచ్చింది. 2000 తర్వాత నార్త్ కరొలైనాలో కొత్తగా హెచ్‌ఐవీ బయటపడిన మగ కాలేజీ విద్యార్థులను లెక్కపెడితే అత్యధికులు నల్లజాతి కుర్రాళ్లు. చదువుకునే పిల్లలు, బస్సులో నీ పక్క సీట్లో కూర్చునే పిల్లలు. అప్పుడు ఆ రాష్ట్రంలోని మూడు నగరాల్లో నల్లజాతి గే పురుషులు చేరే క్లబ్బుల కోసం కెల్లీ పద్ధతిని తిరగరాశారు. దానికి "డీ-అప్" అని పేరు పెట్టారు. బాస్కెట్‌బాల్‌లో డిఫెన్స్‌కి దిగమని అరిచే మాట అది. తిరగరాసినప్పుడు చేర్చిన విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. కండోమ్ గురించి చెప్పే ముందు, "నువ్వు కాపాడుకోవాల్సినంత విలువైనవాడివి" అని చెప్పాలన్నారు. చర్చిలో పాపి అన్నారు, ఇంట్లో వెళ్లగొట్టారు, తెల్లవాళ్ల బార్లో గుమ్మం దగ్గరే ఆపి రెండు గుర్తింపు కార్డులు అడిగారు. అలాంటి మనిషికి తన ప్రాణం మీద తీపి ముందు కలగాలి. ఆ మాట అతనికి అతనిలాంటి వాడే చెప్పాలి. ఏడాది తర్వాత చూస్తే ప్రమాదకరమైన కలయికలు గణనీయంగా తగ్గాయి.

నీ క్లాసులో చెప్పకపోతే ఇది కూడా రాసుకో. పరిశోధకులు పేరు పెట్టకముందే ఈ పని నల్లజాతి గే పురుషులు తమకు తాముగా మొదలుపెట్టారు. 1985లో వాషింగ్టన్‌లో క్లబ్‌హౌస్ అనే నల్లజాతి గే నైట్‌క్లబ్‌లో రెయినీ చీక్స్, మరికొందరు కలిసి జబ్బు పడ్డ స్నేహితుల కోసం కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అదే "అస్ హెల్పింగ్ అస్" అయింది. మనకు మనమే సాయం అని అర్థం. అప్పటికి మందు లేదు. హెచ్‌ఐవీకి మొదటి మందు ఏజెడ్‌టీ వచ్చింది 1987లో. మందు లేని రోజుల్లో, డ్యాన్సు చేసే చోట, ఒకరికొకరు అన్నం వండిపెట్టుకుని, చనిపోయినవాళ్లను సాగనంపి, మిగిలినవాళ్లకు జాగ్రత్తలు చెప్పుకున్నారు. ఆ తర్వాత ఏడాది న్యూయార్క్‌లో "గే మెన్ ఆఫ్ ఆఫ్రికన్ డిసెంట్" పుట్టింది. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు పేపర్లలో ఈ చరిత్ర ఒక్క లైనులో ఉంటుంది. నాకది బాధగా ఉంటుంది.

నీకు దగ్గర్లోనే చూడదగ్గది ఒకటుంది. డాలస్‌లో నల్లజాతి యువకుల కోసం "యునైటెడ్ బ్లాక్ ఎల్యుమెంట్" అనే ప్రాజెక్టు నడిచింది. ఆటలు, సినిమాలు, కబుర్ల కోసం వాళ్లకంటూ ఒక చోటు పెట్టి, ఏం చేయాలో ఆ కుర్రాళ్లనే నిర్ణయించుకోమన్నారు. హెచ్‌ఐవీ మాట ఆ కబుర్లలో కలిసి వచ్చేది. ప్రాజెక్టు రిపోర్టు రాయాల్సి వస్తే దీని మీద రాయి. మీ రూమ్మేట్‌ను కూడా చదవమను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మా అబ్బాయి అట్లాంటాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. శని ఆదివారాలు ఎయిడ్స్ గురించి చెప్పే ఒక సంస్థకు వాలంటీరుగా వెళ్తున్నాడట. "బాల్" అనే ఫంక్షన్లలో టెస్టులు చేసే టేబుల్ దగ్గర కూర్చుంటాడట. ఫోటో పంపాడు. అందరూ నల్లవాళ్లు, మగపిల్లలు ఆడవాళ్లలా తయారై ఉన్నారు. అప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ జబ్బు వాడికి అంటుకోదు కదా? వీడికి అక్కడ ఏం పని?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీరు నిద్రపోవాలి. మీ అబ్బాయికి ఆ టేబుల్ దగ్గర కూర్చోవడం వల్ల హెచ్‌ఐవీ రాదు. వేలి మీద సూదితో ఒక్క చుక్క రక్తం తీస్తారు. గుచ్చగానే ఆ సూది తనంతట తాను లోపలికి పోతుంది, మళ్లీ ఎవరికీ గుచ్చుకోదు. చేతులకు గ్లవుజులుంటాయి. పక్కన కూర్చుంటే, కలిసి తింటే, కౌగిలించుకుంటే, ఒకే బాత్‌రూమ్ వాడితే ఇది సోకదు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ జబ్బున్నవాళ్ల చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ఇక ఆ ఫోటో. మీకు కొత్తగా కనిపించిన ఆ లోకం గురించి నాకు తెలిసింది చెబుతాను. 1970ల మొదట్లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో క్రిస్టల్ లబేజా అనే ఆవిడ, పోటీల్లో కిరీటాలన్నీ తెల్లవాళ్లకే ఇస్తున్నారని కోపం వచ్చి, తనవాళ్లతో ఒక "హౌస్" పెట్టింది. హౌస్ అంటే ఇల్లు, కుటుంబం. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలు అక్కడ చేరతారు. ఆ ఇంటికి ఒక అమ్మ ఉంటుంది, ఒక నాన్న ఉంటాడు. వాళ్లు కన్నవాళ్లు కారు, పెంచేవాళ్లు. పిల్లలు ఆ హౌస్ పేరునే ఇంటిపేరుగా పెట్టుకుంటారు. బాల్ అంటే ఈ ఇళ్లన్నీ కలిసి చేసుకునే పోటీ: నడక, డ్యాన్సు, అలంకారం, ట్రోఫీలు. అర్ధరాత్రి దాటాక ఊపందుకుని తెల్లారేదాకా సాగుతుంది.

నేను మొదటిసారి ఒక బాల్‌కి వెళ్లింది మా క్లినిక్ తరఫున, టెస్టింగ్ కిట్ల పెట్టె మోసుకుంటూ. చీర కట్టుకుని వెళ్లాను, ఎందుకో ఆ రోజు అలా అనిపించింది. నలుగురు పిల్లలు చుట్టూ చేరి కుచ్చిళ్లు ఎలా పెడతారో చూపించమన్నారు. మా టేబుల్ దగ్గరికి మాత్రం రెండు గంటల దాకా ఒక్కరూ రాలేదు. అప్పుడు ఒక హౌస్ మదర్ వచ్చింది. ఆవిడకు నలభై దాటి ఉంటాయి. నా ఎదురు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి, అందరికీ వినిపించేలా "ముందు నాకు చెయ్యండి" అంది. ఆ తర్వాత ఆవిడ పిల్లలు పదకొండు మంది వరుసలో నిలబడ్డారు. ఆవిడ ప్రతి ఒక్కరి వెనకా నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. నేను తొమ్మిదేళ్లు ఫ్లిప్‌చార్టు తిప్పి చెప్పినా చేయలేని పని ఆవిడ ఒక్క మాటతో చేసింది.

ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు మా దగ్గరే ప్రెప్ తీసుకుంటున్నాడు. ప్రెప్ అంటే హెచ్‌ఐవీ లేనివాళ్లు, రాకుండా ముందే వేసుకునే మందు. 2012లో అమెరికాలో మాత్రగా అనుమతి వచ్చింది, ఇప్పుడు ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి వాళ్ల హౌస్ అమ్మ గ్రూపులో ఒక నీలం గుండె బొమ్మ పెడుతుంది. మాత్ర వేసుకున్నవాళ్లు తిరిగి నీలం గుండె పెట్టాలి. పెట్టనివాడికి ఫోను వస్తుంది. మీరు మీ అబ్బాయికి "తిన్నావా?" అని ఫోను చేస్తారు చూడండి, అలాగే.

ఈ బలం తెలిసిన సంస్థలు చాలాకాలంగా బాల్ లోకంతో కలిసి పనిచేస్తున్నాయి. న్యూయార్క్‌లో జీఎంహెచ్‌సీ సంస్థ 1990ల నుంచి ఏటా "లేటెక్స్ బాల్" జరుపుతోంది. చికాగోలో హౌస్‌ల పెద్దలనే ఎంచుకుని శిక్షణ ఇచ్చి చూశారు. మీ అబ్బాయి చేసేది ఆ పనిలో ఒక చిన్న భాగం. కిట్లు అందించడం, ఫారాలు నింపడం, కుర్చీలు వేయడం.

వాడికి అక్కడ ఏం పని అని అడిగారు. ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉందని నాకు అనిపించింది, మీరు రాయలేదు. దానికి జవాబు చెప్పే హక్కు నాకు లేదు, మీ అబ్బాయికే ఉంది. ఒకటి మాత్రం చెప్పగలను. మీరు చూస్తే ఏమంటారో తెలియకుండానే వాడు ఆ ఫోటో మీకు పంపాడు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మంది అలాంటి ఫోటో ఇంటికి పంపలేరు. ఈ ఆదివారం ఫోను చేసి, అక్కడ ఏం చూశావు, ఏం తిన్నావు, ఎవరు గెలిచారు అని అడగండి. వినండి. మిగిలింది వాడు చెప్పాలనుకున్నప్పుడు చెబుతాడు.

ప్రశ్న: మేడం, నేను రాజమండ్రిలో, హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం నడిచే ఒక టీఐ ప్రాజెక్టులో ఏడేళ్లుగా పీర్ ఎడ్యుకేటర్‌ని, అంటే తోటివాళ్లకు జాగ్రత్తలు చెప్పి టెస్టుకు తీసుకెళ్లే మనిషిని. నేను కూడా వాళ్ల కమ్యూనిటీ మనిషినే. నా కింద 60 మంది ఉన్నారు. మొన్న ట్రైనింగులో ఒక సార్, అమెరికాలో గొప్పగా చెప్పుకునే ఈ పద్ధతిని చెన్నైలో పెట్టి చూస్తే పనిచేయలేదని అన్నారు. నిజమేనా? అయితే మేము చేసేదంతా దండగేనా?

జవాబు: ఆ సార్ చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. కెల్లీ పద్ధతిని చైనా, ఇండియా, పెరూ, రష్యా, జింబాబ్వేల్లో ఒకేసారి పరీక్షించారు. మన దేశంలో చెన్నై పేటల్లోని వైన్‌షాపుల చుట్టూ చేశారు. 2010లో ఫలితాలు వచ్చాయి. పలుకుబడి ఉన్న మనుషులతో చెప్పించిన చోట ప్రమాదం తగ్గింది. చెప్పించని చోట కూడా దాదాపు అంతే తగ్గింది. ఎందుకంటే ఆ రెండో చోట కూడా టెస్టులు, కౌన్సెలింగ్, కండోమ్‌లు, సుఖవ్యాధులకు వైద్యం అన్నీ ఇచ్చారు. వైద్యం, పలకరింపు కొత్తగా అందిన చోట మనుషులు తమంతట తామే మారారు. తేడా కనిపించలేదంటే మాట పనిచేయలేదని అర్థం కాదు.

ఇంకో చోట నిజంగానే కుదరలేదు. లండన్‌లో గే పురుషులు వెళ్లే జిమ్‌లలో ఇలాంటి ప్రయత్నం చేశారు. బరువులెత్తుతున్న మనిషి దగ్గరికి వెళ్లి కండోమ్ గురించి ఎలా మాట్లాడాలో పీర్లకే తెలియలేదు. చాలామంది మధ్యలోనే మానేశారు. నాకు అర్థమైంది ఇది: చోటు కుదరాలి, మనిషిని ఎంచుకోవడం కుదరాలి. బిలాక్సీలో మనిషిని ఎంచింది ఆఫీసు కాదు, రోజూ అందరినీ చూసే బార్‌టెండరు. మన దగ్గర ఎలా ఎంచుతారో మీకు నాకంటే బాగా తెలుసు. ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎవరు రిజిస్టరు నింపగలరు, ఎవరు ఎదురుచెప్పరు అని చూస్తారు. మీరు ఏడేళ్లు నిలబడ్డారంటే మీ 60 మంది మిమ్మల్ని ఒప్పుకున్నట్టే.

నా వీసీటీసీ రోజుల సంగతి ఒకటి మీకు చెప్పాలి. 2004లో ఒక కుర్రాడు నా గదికి వచ్చాడు, పందొమ్మిదేళ్లుంటాయి. నేను ఫారం తీసి వరసగా అడుగుతూ "పెళ్లయిందా?" అన్నాను. లేదన్నాడు. "మరి ఆడవాళ్లతో..." అని మొదలుపెట్టాను. లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ కుర్రాడి మొహం నాకు ఇంకా గుర్తుంది. ఆరు నెలల తర్వాత గాజులు అమ్మే ఒక అబ్బాయి మా వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాడు. తను "కోతీ"నని నాకు మామూలుగా చెప్పాడు, ఆ మాటకు ఆడతనం ఉన్న, మగవాళ్లను ఇష్టపడే మగవాడు అని అర్థం కూడా తనే చెప్పాడు. వాడి రిపోర్టు వాడి చొక్కా జేబులోనే ఉండేది. బస్టాండు వెనక నుంచి, సినిమా హాలు దగ్గర నుంచి ఒక్కొక్కరినే తీసుకొచ్చేవాడు. గది బయట "ఈమె మంచిదే, ఏమీ అనదు" అని చెప్పి లోపలికి పంపేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను వాడికి జన్మంతా రుణపడి ఉన్నాను. వాడికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు, ఇప్పుడు తోస్తోంది.

అట్లాంటాలో మాతో పనిచేసే నల్లజాతి పీర్ నావిగేటర్, అంటే తోటివాడిగా వెంట ఉండి దారి చూపే మనిషి, ఒకాయన ఉన్నారు, యాభై దాటాయి. కుర్రాళ్లందరూ "అంక్" అంటారు, మన బాబాయ్ లాగా. నన్ను ఆంటీ అంటారు. మా దగ్గరికి రాకముందు ఒక సంస్థలో పదేళ్లు గిఫ్ట్ కార్డుల కోసం పనిచేశారట. "నా స్నేహితుల పేర్లు వాళ్ల గ్రాంటు కాగితాల్లో ఉన్నాయి, నా పేరు వాళ్ల జీతాల పట్టీలో లేదు" అన్నారు. పోయిన చలికాలం ఒక కుర్రాడికి పాజిటివ్ వచ్చింది. వాడు కారెక్కి తలుపు వేసుకున్నాడు. అంక్ వెళ్లి పక్క సీట్లో కూర్చున్నారు. రెండు గంటల పాటు పార్కింగులో ఆ కారు కదల్లేదు. నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ కలిసి లోపలికి వచ్చారు, ఆ రోజే మందు మొదలైంది. ఈ రెండు గంటలను మా రిజిస్టర్లో ఏ గడిలో రాయాలో నాకు తెలియదు. మీ రిజిస్టర్లో కూడా ఆ గడి ఉండదు.

మాట ఒక్కటే చాలదన్నది కూడా ఒప్పుకోవాలి. హెచ్‌పీటీఎన్ 073 అనే అధ్యయనంలో లాస్ ఏంజెలిస్, వాషింగ్టన్, చాపెల్‌హిల్‌లలో 226 మంది నల్లజాతి పురుషులకు ప్రెప్ ఇస్తామన్నారు, వేసుకోవడం వాళ్ల ఇష్టం. 79 శాతం మంది మొదలుపెట్టారు. ఎందుకంటే ఒక్కొక్కరికీ ఇన్సూరెన్సు, ఇంటి అద్దె, ఉద్యోగం, మనసు బాగోకపోవడం అన్నిటికీ వెంట ఉండి దారి చూపే మనిషిని పెట్టారు. ఆ సాయం రూపకల్పన చేసింది లారాన్ నెల్సన్ అనే నల్లజాతి నర్సు. మీరు తీసుకొచ్చిన మనిషిని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో మూడు గంటలు నిలబెట్టి విసుక్కుంటే, మీరు కట్టిన నమ్మకమే కూలుతుంది. మీ మీటింగులో టార్గెట్ గురించి అడిగినప్పుడు ఈ సంగతి అడగండి. మీ గౌరవ వేతనం గురించి కూడా అడగండి, మొహమాటపడకండి. మీ పని దండగ కాదు.

ప్రశ్న: నాకు 24. హైదరాబాద్. ఎవరికీ చెప్పలేదు. పదిహేను రోజుల క్రితం ఒక అబ్బాయితో కండోమ్ లేకుండా జరిగింది. టెస్టు ఎప్పుడు, ఎక్కడ? పేరు వేయొద్దు.

జవాబు: బాబూ, రాసినందుకు సంతోషం. కలిసిన 72 గంటల్లోపు మొదలుపెడితే హెచ్‌ఐవీ రాకుండా ఆపే మందు ఉంది, దాన్ని పెప్ అంటారు. నీకు ఆ గడువు దాటింది. ఇంకోసారి అవసరమైతే గుర్తుంచుకో. ఈ వారంలోనే ఒక టెస్టు చేయించుకో. ఇప్పుడు నెగటివ్ వచ్చినా అది చివరి మాట కాదు. ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి మళ్లీ చేయించుకో, అప్పుడు ఖాయం. ఈలోపు జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, గొంతు నొప్పి కలిసి వస్తే డాక్టరుకు ఈ సంగతి కూడా చెప్పు. అప్పటి దాకా కండోమ్ తప్పనిసరి. సిఫిలిస్ టెస్టు కూడా అదే రోజు అడుగు.

పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉండే ఐసీటీసీలో టెస్టు ఉచితం. దగ్గర్లో ఎక్కడుందో 1097కి ఫోను చేస్తే చెబుతారు, ఆ కాల్ కూడా ఉచితం. నీ అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, నీ ఫలితం ఎవరికీ చెప్పకూడదు. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం నీకు ఆ హక్కు ఇచ్చింది. పాజిటివ్ వస్తే మందు ఉచితం, జీవితం మామూలుగా సాగుతుంది.

లోపల కౌన్సెలర్ నాలాగే ఫారం తీసి "పెళ్లయిందా?" అని అడగవచ్చు. లేచి వెళ్లిపోకు. "నేను అబ్బాయిలతో ఉంటాను" అని చెప్పగలిగితే చెప్పు. చెప్పలేకపోతే, ఇక్కడ పీర్ ఎడ్యుకేటర్ ఎవరైనా ఉన్నారా, వాళ్లతో మాట్లాడతాను అని అడుగు. చాలాసార్లు వరండాలోనే కూర్చుని ఉంటాడు.